సృష్టివాదం, జీవపరిణామం: డోవర్ కోర్టులో తేలినదేమిటి, తేలనిదేమిటి

“మనిషి కోతి నుంచి వచ్చాడంటారు కదా, మరి కోతులు ఇంకా ఎందుకున్నాయి?” డార్విన్ పేరు ఎత్తగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. వాట్సాప్ గ్రూపుల్లో, ప్రవచనాల్లో, ప్రార్థన కూటాల్లో, పెళ్లి భోజనాల దగ్గర కూడా వినిపిస్తుంది. అడిగేవాళ్లలో చాలామంది తెలుసుకోవాలనే అడుగుతారు కాబట్టి సూటిగా జవాబు చెప్పాలి. మీరు మీ పెదనాన్న కొడుక్కి పుట్టలేదు. మీ ఇద్దరికీ తాత ఒకరే. ఆ తాత ఇప్పుడు లేకపోయినా మీరిద్దరూ ఉన్నారు. మనిషికీ చింపాంజీకీ ఉన్న చుట్టరికం అలాంటిదే. ఈ రెండింటికీ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఉండేవారని శాస్త్రం చెబుతోంది. ఇప్పుడు మనం చూసే చింపాంజీయే మనిషిగా మారిందని ఏ జీవశాస్త్రవేత్తా అనడు.

ఈ ప్రశ్నకు జవాబు తేలికే. అసలు చిక్కు దాని వెనక ఉంది. దేవుడు సృష్టించాడన్న నమ్మకం, జీవులు మారుతూ వచ్చాయన్న శాస్త్రం, ఈ రెండూ తరగతి గదిలో ఎదురుపడితే పిల్లలకు ఏది చెప్పాలి? “రెండూ చెప్పి, ఏది నమ్మాలో వాళ్లకే వదిలేస్తే సరిపోతుంది కదా” అనే మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. అమెరికాలో డోవర్ అనే ఒక చిన్న ఊరి బడి ఇంచుమించు ఈ మాటే అని కోర్టు మెట్లెక్కింది. రెండు పక్షాలూ ప్రమాణం చేసి, ఎదుటి లాయరు అడిగినదానికల్లా జవాబు చెప్పాల్సి వచ్చిన సందర్భం అది. సభల్లో, టీవీ చర్చల్లో ఆ అవసరం రాదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ కేసుకే ఇస్తున్నాను.

## ఏ మాట కింద ఏ వాదన ఉంది

జీవపరిణామం అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు వాదనలున్నాయి. తరాలు గడిచేకొద్దీ జీవుల లక్షణాలు మారతాయన్నది మొదటిది. ఇప్పుడున్న జీవులన్నిటి వంశవృక్షాలూ వెనక్కి వెళితే ఉమ్మడి పూర్వీకుల దగ్గర కలుస్తాయన్నది రెండోది. ఈ మార్పును నడిపించే ప్రధాన కారణాల్లో ప్రకృతి వరణం ఒకటన్నది మూడోది. 1859లో డార్విన్ ఈ మూడింటినీ కలిపి ఆధారాలతో చూపించాడు.

ప్రకృతి వరణం అంటే ఏమిటో మన పత్తి చేలల్లోనే కనిపిస్తుంది. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. కాయతొలుచు పురుగుల్ని చంపే విషాన్ని ఆ మొక్క తనలోనే తయారుచేసుకుంటుంది. మొదట్లో గులాబీ రంగు పురుగు దానికి లొంగింది. కానీ కోట్ల పురుగుల్లో ఎక్కడో కొన్నింటికి ఆ విషాన్ని తట్టుకునే జన్యు మార్పు ఉంటుంది. మిగతావి చచ్చాక మిగిలేది, గుడ్లు పెట్టేది అవే. కొన్నేళ్లకు చేలో కనిపించేదంతా వాటి సంతానమే. ఇక్కడ ఏ పురుగూ తట్టుకోవాలని ప్రయత్నించలేదు, ఏ ఒక్క పురుగూ తన బతుకులో మారలేదు. మారింది పురుగుల గుంపు. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు రైతులు ఈ మార్పుకు మూల్యం చెల్లించారు.

సృష్టివాదుల్లో చాలామంది దీన్ని కాదనరు. “ఇది చిన్న మార్పు. పురుగు పురుగుగానే ఉంది కదా” అంటారు. వాళ్ల అభ్యంతరం రెండో వాదన మీద, అంటే ఉమ్మడి పూర్వీకుల మీద.

సృష్టివాదంలోనూ రకాలున్నాయి. బైబిల్‌లోని ఆదికాండాన్ని అక్షరాలా తీసుకుని, భూమి వయసు పదివేల ఏళ్లలోపే అనేవాళ్లు ఒకరు. 17వ శతాబ్దంలో ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ వంశావళులు లెక్కగట్టి సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్నాడు. రేడియోధార్మిక పదార్థాల క్షయాన్ని బట్టి కొలిస్తే భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. ఈ కొలతను ఒప్పుకుంటూనే జీవుల్ని మాత్రం దేవుడు విడివిడిగా సృష్టించాడనే వాళ్లు ఇంకొకరు. దేవుడి పేరు ఎత్తకుండా “ఎవరో ఒక తెలివైన రూపకర్త ఉండాలి” అనేది ఇంటెలిజెంట్ డిజైన్. ఇవి కాక, పరిణామాన్ని పూర్తిగా ఒప్పుకుని అదే దేవుడి పద్ధతి అనుకునే విశ్వాసులున్నారు. వీళ్లను సృష్టివాదుల లెక్కలో వేయడం తప్పు. పరిణామం ఒక ఊహ స్థాయిని దాటిందని 1996లో పోప్ రెండో జాన్ పాల్ స్వయంగా చెప్పారు. కాబట్టి “దేవుడా, డార్వినా” అని అడిగేవాళ్లు ఈ చివరి వర్గాన్ని మొత్తంగా మరిచిపోతున్నారు.

## నిషేధం నుంచి “రెండూ చెప్పండి” దాకా

అమెరికాలో కథ నిషేధంతో మొదలైంది. 1925లో టెన్నెసీ రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో మానవ పరిణామం చెప్పడాన్ని నేరం చేసింది. ఆ ఏడాదే డేటన్ అనే ఊళ్లో జాన్ స్కోప్స్ అనే టీచరుకు 100 డాలర్ల జరిమానా పడింది. సాంకేతిక కారణంతో ఆ శిక్ష తర్వాత రద్దయినా, చట్టం మాత్రం 1967 దాకా బతికే ఉంది. ఇలాంటి నిషేధాలు చెల్లవని 1968లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రభుత్వం ఏ మతాన్నీ నెలకొల్పకూడదని అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ చెబుతుంది. ప్రభుత్వ బడి అంటే ప్రభుత్వమే.

నిషేధించడం కుదరదని తేలాక సమాన సమయం అడిగారు. పరిణామం చెబితే “సృష్టి శాస్త్రం” కూడా చెప్పాల్సిందేనని 1981లో లూసియానా చట్టం చేసింది. 1987లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో దాన్నీ కొట్టేసింది. ఇంటెలిజెంట్ డిజైన్ అనే పేరు పాఠ్యపుస్తకంలోకి రావడం ఆ తర్వాతి మాట. ఈ వరస గుర్తుంచుకుంటే డోవర్‌లో జరిగింది తేలిగ్గా అర్థమవుతుంది.

## డోవర్ బడిలో చదివిన ప్రకటన

డోవర్ ఉన్నది పెన్సిల్వేనియా రాష్ట్రంలో. 2004 అక్టోబరులో అక్కడి స్కూల్ బోర్డు 6-3 ఓట్లతో ఒక తీర్మానం చేసింది. తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో పరిణామ పాఠానికి ముందు ఒక ప్రకటన చదవాలి. దాని సారాంశం ఇది: డార్విన్‌ది సిద్ధాంతమే, వాస్తవం కాదు. ఆధారాలు లేని ఖాళీలు అందులో ఉన్నాయి. ఇంటెలిజెంట్ డిజైన్ దానికి భిన్నమైన వివరణ. ఆసక్తి ఉన్నవాళ్లకు ‘ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్’ అనే పుస్తకం అందుబాటులో ఉంది.

చూడ్డానికి ఇందులో అభ్యంతరకరమైనది ఏముంది అనిపిస్తుంది. కానీ ఆ బడి సైన్స్ టీచర్లు దాన్ని చదవబోమన్నారు. బోధించే విషయాన్ని తెలిసి తెలిసీ వక్రీకరించకూడదన్న వృత్తి నియమాన్ని చూపించి, రాతపూర్వకంగా తప్పుకున్నారు. వాళ్ల ఇబ్బంది ఏమిటంటే, సైన్సులో సిద్ధాంతం అంటే ఇంకా రుజువు కాని అనుమానం కాదు. అనేక వాస్తవాలను కలిపి వివరించి, పరీక్షలకు నిలిచిన చట్రం. జబ్బులు సూక్ష్మజీవుల వల్ల వస్తాయన్నదీ సిద్ధాంతమే. పుస్తకం మొత్తంలో ఒక్క పాఠానికి మాత్రమే ఈ హెచ్చరిక తగిలిస్తే, ఆ ఒక్కదాన్నే నమ్మక్కర్లేదని పిల్లలు అర్థం చేసుకుంటారు. టీచర్లు ఒప్పుకోకపోవడంతో 2005 జనవరిలో అధికారులే తరగతులకు వచ్చి ఆ ప్రకటన చదివి వెళ్లారు. నాకు ఈ కేసు మొత్తంలో అన్నిటికన్నా పెద్దవాళ్లుగా కనిపించేది ఆ టీచర్లే. జీతం ఇచ్చే బోర్డుకే వాళ్లు కాదని చెప్పారు.

అప్పటికే పదకొండు మంది తల్లిదండ్రులు కేసు వేశారు. 2005 సెప్టెంబరు 26 నుంచి నవంబరు 4 దాకా హారిస్‌బర్గ్‌లో, జడ్జి మూడో జాన్ ఈ. జోన్స్ ముందు విచారణ జరిగింది. జోన్స్ రిపబ్లికన్, జార్జి డబ్ల్యూ. బుష్ నియమించిన జడ్జి.

## కోర్టులో ఎదురెదురుగా నిలిచిన వాదనలు

ఇంటెలిజెంట్ డిజైన్ పక్షాన ముఖ్య సాక్షి మైకేల్ బీహీ. లీహై విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రం చెప్పే ప్రొఫెసర్. ఆయన వాదనను దాని బలమైన రూపంలోనే వినాలి. కొన్ని బాక్టీరియాలకు ఈదడానికి కశాభం అనే కొరడా లాంటి తోక ఉంటుంది. అది తిరిగే మోటారు లాంటి నిర్మాణం, పదుల రకాల ప్రొటీన్లతో ఏర్పడుతుంది. అందులో ఒక భాగం తీసేస్తే మోటారు తిరగదు. పరిణామం అడుగు అడుగుగా నడుస్తుందంటారు, ప్రతి అడుగూ జీవికి పనికిరావాలి. సగం మోటారు దేనికి పనికొస్తుంది? కాబట్టి ఇది ఒకేసారి రూపకల్పన జరిగిన వస్తువు. ఇదీ వాదన. ప్రశ్న తెలివైనదే, డార్విన్ కూడా తన సిద్ధాంతాన్ని ఇలాంటి ఉదాహరణతో పరీక్షించవచ్చని రాశాడు.

తల్లిదండ్రుల పక్షాన బ్రౌన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కెన్నెత్ మిల్లర్ జవాబిచ్చారు. ఆయన స్వయంగా కేథలిక్ విశ్వాసి. ప్లేగు కలిగించే బాక్టీరియాకు ఎదుటి కణంలోకి విషాన్ని ఎక్కించే సూది లాంటి పరికరం ఉంది. కశాభం అడుగు భాగంలోని ప్రొటీన్లకు దగ్గరి పోలికలున్న పదింటితోనే అది పనిచేస్తుంది. అంటే చాలా భాగాలు లేకపోయినా మిగిలినది పనికిరాకుండా పోలేదు, వేరే పని చేస్తోంది. పరిణామంలో భాగాలు ఒక పని నుంచి ఇంకో పనికి మళ్లుతాయి. బీహీ వాదన ఈ దారిని లెక్కలోకి తీసుకోలేదు. కశాభం ఏ వరసలో ఏర్పడిందో ఇది పూర్తిగా చెప్పదు, ఆ మాట నిజం. కానీ “అడుగు అడుగుగా అసాధ్యం” అన్నది మాత్రం నిలవలేదు.

తర్వాత రోగనిరోధక వ్యవస్థ వంతు. అది ఎలా పుట్టిందో సైన్సు దగ్గర జవాబు లేదని బీహీ 1996లో రాశారు. దాని పరిణామం మీద వచ్చిన 58 పరిశోధన పత్రాలను, తొమ్మిది పుస్తకాలను లాయరు ఆయన ముందు పెట్టారు. అవి సరిపోవని బీహీ జవాబు. తన నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా శాస్త్రీయ సిద్ధాంతం కోవలోకి వస్తుందని కూడా ఆయన ఒప్పుకోవాల్సి వచ్చింది. చరిత్రలో ఒకప్పుడు అది అలా చెలామణి అయిందన్న అర్థంలో చెప్పానని వివరించారు.

మిల్లర్ చూపించిన వాటిలో మరో ఆధారం దగ్గర కాస్త ఆగాలి. శాస్త్రం తన మాటను తానే ఎలా పరీక్షకు పెడుతుందో అది చూపిస్తుంది. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లకు 24 జతల క్రోమోజోములు. మనిషికి 23. పూర్వీకులు ఒకరే అయితే ఒక జత ఏమైంది? పూర్తిగా పోయి ఉండటానికి వీల్లేదు, అన్ని జన్యువులు ఒక్కసారిగా పోతే జీవి బతకదు. కాబట్టి రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటై ఉండాలి. అలా జరిగితే ఆనవాళ్లు దొరకాలి. క్రోమోజోము రెండు కొసలకూ టెలోమియర్ అనే ప్రత్యేక డీఎన్ఏ వరస ఉంటుంది, నడిమి భాగంలో ఒక సెంట్రోమియర్ ఉంటుంది. అతుక్కున్న క్రోమోజోములో టెలోమియర్ వరస కొసల్లోనే కాక నడుమ కూడా కనపడాలి, సెంట్రోమియర్ల గుర్తులు రెండు ఉండాలి. ఇవేవీ లేకపోతే ఉమ్మడి పూర్వీకుల మాటకు పెద్ద దెబ్బ. వెతికారు. మన రెండో క్రోమోజోములో ఈ రెండు ఆనవాళ్లూ ఉన్నాయి. దాని మీది జన్యువుల వరస చింపాంజీ క్రోమోజోములు రెండింటితో సరిపోతుంది. అతుకు మనుషుల్లోనే ఎప్పుడో జరిగి ఉండొచ్చు, అది చింపాంజీతో చుట్టరికాన్ని రుజువు చేయదని విమర్శకులు అంటారు. అతుకు ఒక్కటే ఉంటే ఆ మాటకు బలం ఉండేది. వరసలు కూడా సరిపోవడం దగ్గర ఆ వాదన ఆగిపోతుంది.

చివరికి కేసును తేల్చింది జీవశాస్త్రం ఒక్కటే కాదు, ఆ పాండాస్ పుస్తకం చిత్తుప్రతులు కూడా. బార్బరా ఫారెస్ట్ అనే తత్వశాస్త్ర ప్రొఫెసర్ వాటిని కోర్టు ముందు పరిచారు. 1987 తీర్పుకు ముందటి ప్రతుల్లో “సృష్టి” అని ఉన్నచోట, తీర్పు తర్వాతి ప్రతుల్లో “ఇంటెలిజెంట్ డిజైన్” అని ఉంది. నిర్వచనం మాత్రం అదే. ఒకచోట “క్రియేషనిస్ట్స్” తీసేసి “డిజైన్ ప్రొపోనెంట్స్” పెట్టే తొందరలో పాత మాట మొదటి అక్షరం, చివరి ముక్క మిగిలిపోయి కొత్త మాటకు అటూ ఇటూ అతుక్కుని ఉన్నాయి. పేరు మారిందే తప్ప సరుకు మారలేదని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

## తీర్పు ఏం చెప్పింది, ఎవరు ఏమన్నారు

2005 డిసెంబరు 20న 139 పేజీల తీర్పు వచ్చింది. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదు, అది సృష్టివాదం నుంచి వేరుపడలేదు, ప్రభుత్వ బడిలో దాన్ని పెట్టడం రాజ్యాంగ విరుద్ధం. అదే తీర్పులో జోన్స్ ఇంకో మాటా అన్నారు. ఆ వాదనలు నిజమై ఉండొచ్చు, కోర్టు ఆ విషయంలో ఏ వైఖరీ తీసుకోవడం లేదు. దేవుడున్నాడా అన్నది ఆయన ముందున్న ప్రశ్నే కాదు. చాలామంది ఈ వాక్యం చదవకుండానే తీర్పును మెచ్చుకుంటారు, తిడతారు.

తీర్పు రాకముందే, నవంబరు ఎన్నికల్లో డోవర్ ఓటర్లు పోటీలో ఉన్న పాత బోర్డు సభ్యులు ఎనిమిది మందినీ ఓడించారు. కొత్త బోర్డు అప్పీలుకు వెళ్లలేదు. దాంతో తీర్పు ఆ ఫెడరల్ జిల్లా పరిధికే కట్టుబాటుగా మిగిలింది. ఇతర చోట్ల అది ఆదర్శమే తప్ప ఆజ్ఞ కాదు.

అభ్యంతరాలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. సియాటిల్‌లోని డిస్కవరీ ఇన్‌స్టిట్యూట్ ఇంటెలిజెంట్ డిజైన్‌ను ప్రచారం చేసే సంస్థ. దాన్ని బడుల్లో తప్పనిసరి చేయమని తాము అనలేదని, ఏది సైన్సో జడ్జి తేల్చకూడదని వాదించింది. ఈ రెండో మాటను పరిణామాన్ని ఒప్పుకునే తత్వవేత్తలు కొందరూ అన్నారు. సైన్సుకూ సైన్సు కానిదానికీ మధ్య గీత గీయడం తత్వశాస్త్రంలోనే తేలని విషయం. ఈ అభ్యంతరంలో పస ఉంది. కానీ డోవర్‌లో తరగతి గదిలో కూర్చున్న పిల్లలకు ఏం చెప్పాలో ఎవరో ఒకరు ఆ ఏడాదే తేల్చాల్సి ఉంది.

వివాదం అక్కడితో ఆగలేదు. 2008లో లూసియానా, 2012లో టెన్నెసీ చేసిన చట్టాలు సృష్టివాదం పేరెత్తవు. పరిణామం లాంటి అంశాలను “విమర్శనాత్మకంగా” చర్చించే టీచర్లకు రక్షణ ఇస్తాయి. అక్కడ పిల్లల్ని చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులకు ఈ మాట వెనకున్న చరిత్ర తెలియాలి.

## “మధ్య రూపాలేవీ?”: జమ్మూ రాళ్లలో దొరికిన జవాబు

పాండాస్ పుస్తకం ఖాళీలకు ఉదాహరణగా తిమింగలాన్ని చూపించింది. నేల మీది జంతువు నుంచి తిమింగలం వచ్చిందంటే మధ్య శిలాజాలేవి అని. ఆ జవాబులో చాలా భాగం మన ఉపఖండంలోనే దొరికింది. పాకిస్తాన్‌లో నాలుగు కాళ్ల పాకిసీటస్, ఈదగలిగే కాళ్లున్న ఆంబ్యులోసీటస్ బయటపడ్డాయి. ఈలోగా డీఎన్ఏ చూసినవాళ్లు తిమింగలాలకు దగ్గరి చుట్టం నీటి ఏనుగు అన్నారు. అది నిజమైతే తొలి తిమింగలాల చీలమండ ఎముక మేక, జింక, నీటి ఏనుగు జాతుల తరహాలో, రెండు గిలకల ఆకారంలో ఉండాలి. 2001లో ఆ ఎముకలు దొరికాయి. అలాగే ఉన్నాయి.

భారతీయ భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర దొరికిన శిలాజాలతో 1971లో ఇండోహయస్ అనే చిన్న గిట్టల జంతువును వర్ణించారు. ఆయన పోగుచేసిన రాళ్లు ఆయన మరణం తర్వాత అమెరికా పరిశోధకుడు థెవిస్సెన్ చేతికి వచ్చాయి. శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె పగిలి లోపలి చెవి ఎముక బయటపడింది. తిమింగలాలకు ప్రత్యేకమనుకున్న మందపాటి అంచు దానికి ఉంది. 2007లో ఈ ఫలితం ప్రచురితమైంది. ఇండోహయస్ తిమింగలానికి తాత కాదు, తాతకు దగ్గరి బంధువు. ప్రతి కొత్త శిలాజానికీ ఇరువైపులా రెండు కొత్త ఖాళీలు ఏర్పడతాయని సృష్టివాదులు అనడం కద్దు. అది నిజమే. కానీ ఆ ఖాళీలు అంతకంతకూ చిన్నవవుతున్నాయి.

శాస్త్రవేత్తల మధ్యా తగాదాలున్నాయి. మార్పులో యాదృచ్ఛికత పాలు ఎంత, వేగం ఎప్పుడూ ఒకేలా ఉంటుందా అన్న చర్చలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. మొదటి కణం ఎలా పుట్టిందన్నది ఇంకా తేలని ప్రశ్న, అది పరిణామానికి ముందటి కథ. వీటిని “డార్విన్ తప్పని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు” అని తిప్పి చెప్పడం మోసం.

## మన దేశంలో ఈ గొడవ వేరే రూపం ఎందుకు తీసుకుంది

పురాణాల లెక్కలో బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల ఏళ్లు. అందుకే భూమి వయసు దగ్గర ఇక్కడ పెద్దగా గొడవ రాలేదు. ఆ అంకె యుగాల గుణకారం నుంచి వచ్చింది, రాళ్లను కొలిచి వచ్చింది కాదు, కాబట్టి 454 కోట్లకు అది రుజువు కాదు. మన దగ్గర పోటీ ఎక్కువగా “మా గ్రంథాల్లో అంతకన్నా మంచిది ఉంది” అనే రూపంలో వస్తుంది. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి డార్విన్ సిద్ధాంతం కన్నా దశావతారాలు మెరుగన్నారు. నిర్వాహకులు ఆ మాటలకు దూరం జరిగారు.

చేప, తాబేలు, వరాహం, నరసింహం, వామనుడు అన్న వరస చూస్తే పోలిక తోచడం సహజం. కానీ పరిణామానికి ప్రాణం వంశక్రమం, ఒకటి ఇంకొకదాని సంతతి కావడం. పోతన భాగవతంలో మత్స్యమూర్తి సత్యవ్రతుణ్ణి ప్రళయం నుంచి గట్టెక్కిస్తాడు. కూర్మం మందర పర్వతాన్ని మోస్తుంది. చేప సంతతి తాబేలైందని అక్కడ ఎవరూ అనలేదు. భక్తి కోసం చెప్పిన కథకు సైన్సు పరీక్ష పెట్టడం రెండింటికీ అన్యాయమని నా అభిప్రాయం.

2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూసినట్టు చెప్పలేదని, కాబట్టి డార్విన్ తప్పని, పాఠ్యాంశాలు మారాలని అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఆ మాటను ఖండించాయి. ఆధునిక పరిణామ సిద్ధాంతానికి గణిత పునాది వేసినవాళ్లలో ఒకరైన జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఈ దేశానికే వచ్చి స్థిరపడ్డాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాక ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో “అనువంశికత, పరిణామం” పాఠం “అనువంశికత”గా మారింది. సంస్థ చెప్పిన కారణం మతం కాదు, కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించడం. పాఠం పన్నెండో తరగతిలో ఎలాగూ ఉందని కూడా చెప్పింది. పుస్తకాలు బరువెక్కాయన్నది నిజమే, తరగతిని బట్టి పాఠాలు జరపడం తప్పేమీ కాదు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు సంతకాలు చేసిన లేఖ వేరే విషయాన్ని పట్టుకుంది. పన్నెండులో ఆ పాఠం జీవశాస్త్రం తీసుకున్నవాళ్లకే ఉంటుంది. డోవర్ పిల్లలు ఒక నిమిషం ప్రకటన విని, తర్వాత పరిణామ పాఠం పూర్తిగా చదివారు. ఇక్కడ ఆ పుస్తకాలతో పదో తరగతి దాటి ఎంపీసీ వైపు వెళ్లే విద్యార్థికి ఆ పాఠం బడిలో ఇక ఎదురుకాదు.